బొంగురు గిటారు, నాట్ల పాట

మొన్న మా మనవరాలు తార్నాక మెట్రో దగ్గరి మా ఫ్లాటుకు వస్తూ, అరచేతిలో ఇమిడే ఒక ఇనుప డబ్బా తెచ్చి, నా గిటారుకు తగిలించి కాలితో నొక్కమంది. ఓవర్‌డ్రైవ్ పెడల్ అట. పాత వాల్వు ఆంప్లిఫైయర్లు సౌండు పూర్తిగా పెంచితే ఎలా గరగరలాడేవో, అచ్చం ఆ స్వరమే ఇస్తుందట. నొక్కి తీగలు మీటానో లేదో, కింది ఫ్లాటాయన ఫోను చేసి, స్పీకరు పాడైనట్టుంది చూసుకోండమ్మా అన్నాడు. పాడవలేదు బాబూ, ఇది ఇలాగే మోగాలి అని చెప్పి ఇంకోసారి మీటాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆనాటి రేడియోలు లోపలి వాల్వుల గాజు బుడ్లు ఎర్రగా కాగితే గాని నోరు విప్పేవి కావు. మా చర్చి ఆంప్లిఫైయరూ ఆ జాతిదే. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి తార్నాకలో స్థిరపడిన మా నాన్నగారు చర్చి పాటల బృందాన్ని నడిపేవారు గనుక అది మా ఇంట్లోనే ఉండేది. ఆదివారాలు చర్చిలో సౌండు తగ్గించి మర్యాదగా వాయించేదాన్ని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం సౌండు మర చివరిదాకా తిప్పేదాన్ని. గిటారు స్వరం చీలి, బొంగురుపోయి, ఏడ్చి ఏడ్చి కోపం తెచ్చుకున్న ఆడమనిషి గొంతులా వచ్చేది. నాకు ఆ గొంతే నిజమనిపించేది.

యూనివర్సిటీలో నాతోపాటు ఎమ్మే చదివిన స్నేహితురాలు, పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే రైతు బిడ్డ, నాట్లేసేటప్పుడు వాళ్లమ్మ పాడే పాటలన్నీ కంఠతా పట్టింది. వార్షికోత్సవంలో ఆ పాట ఆమె పాడేట్టు, నేను గిటారు వాయించేట్టు పేర్లిచ్చాం. ఏర్పాట్లు చూసుకునే సీనియరు, ఆడపిల్లలు లలితగీతాలే పాడాలని, బురదలో పాడే పాట స్టేజీకి పనికిరాదని నవ్వాడు.

"పాడితే గదే పాడుత," అంది మా స్నేహితురాలు.

జాబితాలోంచి మా పేర్లు కొట్టేశాడు. అయినా నాన్నగారిని ఒప్పించి, ఆంప్లిఫైయరును రిక్షాలో పెట్టుకుని క్యాంపస్‌కు తీసుకెళ్లి, ఎవరూ పిలవకుండానే స్టేజీ ఎక్కాం. మర చివరిదాకా తిప్పాను. మొదటి చరణం కాకముందే ఆ సీనియరు ప్లగ్గు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆమె పాట ఆపి అతనివైపు తిరిగింది.

"తియ్యన్నా, జూస్త. కరెంటు తీస్తవ్, నా గొంతు ఎట్ల తీస్తవ్?"

తీసేశాడు. గిటారు మూలిగి ఆగిపోయింది. ఆమె మైకును పక్కకు నెట్టి ఇంకా గట్టిగా అందుకుంది. ఇంతలో హాలు వెనక వరుసల నుంచి ఒక గొంతు, దాని వెంట పది గొంతులు పల్లవి కలిపాయి. ఆ పిల్లల అమ్మలూ నాట్లేసినవాళ్లే. నేను వెళ్లి ప్లగ్గు పెట్టాను. ఈసారి ఎవరూ అడ్డురాలేదు. బుడ్లు మళ్లీ కాగేదాకా వాళ్లు పాడుతూనే ఉన్నారు, ఆ పాటలోకి నా గిటారు మెల్లగా, గరగరమంటూ వచ్చి చేరింది.

మరుసటి ఏడు మమ్మల్ని స్టేజీ మెట్లు కూడా ఎక్కనివ్వలేదు. క్షమాపణ చెబితే రానిస్తామన్నారు. చెప్పలేదు. హాస్టలు మెట్ల మీద కూర్చుని పాడుకున్నాం.

ఇప్పుడు క్యాంపస్‌లో ఆడపిల్లలు ఎంత గట్టిగా వాయించినా ప్లగ్గు పీకేవాళ్లు లేరు, సంతోషమే. కానీ మా స్నేహితురాలి ఊళ్లో నాట్లు యంత్రాలు వేస్తున్నాయట, పాడే పనే లేదట. ఆదివారం ఫోనులో, "ఇగ ఎవలకు పాడాల్నే, ఇనేటోళ్లే లేరు," అని నిట్టూర్చింది. నాకు ఒళ్లు మండింది. ఎవరో వింటారని మనం ఎప్పుడు పాడామే అని గట్టిగా అడిగాను. అటునుంచి, పాట అందుకునే ముందులా, ఆమె గొంతు సవరించుకోవడం వినిపించింది.