పాతదేది?

మావగారింట్లో ఎవరు ఏది బాగుచేసినా, వెళ్ళేటప్పుడు ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగే మాట ఒకటే: "పాతదేది?" కుళాయి వాషరు మార్చినవాడు పాత వాషరు అప్పగించాలి. ఫ్యాను బాగుచేసినవాడు పాత కెపాసిటరు ఇవ్వాలి. పన్ను పీకిన డాక్టరమ్మ దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చేదాకా ఆయన కుర్చీ దిగలేదు. ఇవన్నీ వంటింటి పక్క బీరువాలో చీటీలతో సహా ఉంటాయి. తాళం ఆయన జేబులో.

"ఆ బీరువాలో దుప్పట్లు పెట్టుకుందామని ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను," అంటారు అత్తగారు.

వీధిలో ఆయన పేరు పాతదేదిగారు. అల్లుడు కూడా అలాగే అంటాడు, ఆయన లేనప్పుడు.

మావగారి కారు ఇంజన్ వేడెక్కి ఆగిపోతే అల్లుడే గ్యారేజీకి తీసుకెళ్ళాడు. నీళ్ళ పంపు పోయిందన్నారు, మార్చారు, బిల్లు కట్టించుకున్నారు. పాత పంపు తేకుండా ఇంటికి రావొద్దని ఫోనొచ్చింది గనక దాన్ని ఆఫీసు బ్యాగులో, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని బయల్దేరాడు. ఇల్లు చేరేలోగా వేడి చూపే ముల్లు మళ్ళీ ఎర్రగీత దాటింది.

మావగారు పంపుని వేలితో తిప్పారు. చప్పుడు లేదు, ఊగడం లేదు. నిక్షేపంలా ఉంది. ఇంజన్ చల్లారాక థర్మోస్టాట్ విప్పారు. వేడెక్కగానే తెరుచుకుని నీళ్ళని రేడియేటరుకి వదలాల్సిన చిన్న మూత అది. దాన్ని అత్తగారి పాలగిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టారు. నీళ్ళు సలసలా మరిగాయి. మూత తెరుచుకోలేదు.

"చూశావా అల్లుడూ, నోరు విప్పట్లేదు!"

"నా పాలగిన్నె!" అన్నారు అత్తగారు.

మర్నాడు మావగారు పంపుని సంచిలో వేసుకుని గ్యారేజీకి వెళ్ళారు. వెనకే అల్లుడు, తల దించుకుని.

"బాగున్న పంపు మార్చి బిల్లు వేశారు. డబ్బు వెనక్కివ్వండి."

"బాగుందని మీకెలా తెలుసు సార్?" అన్నాడు ఓనరు.

"పాతది నా దగ్గరుంది గనక."

ఓనరు కేకేశాడు. చేతులు తుడుచుకుంటూ నెరిసిన మీసాల మేస్త్రీ వచ్చాడు. చేరి నెల్లాళ్ళయిందట.

"మొన్న ఎవరిదో రేడియేటరు, ఇవాళ ఇది. మంచి పంపు పీకావని తేలితే ఈ పూటే నీ సామాను సర్దుకో. ఏదీ సార్, బయటికి తియ్యండి."

మేస్త్రీ గుడ్డతో తుడిచిన చేతినే మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

మావగారు పంపు తీసి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పారు.

"ఊగుతోంది," అన్నారు.

అల్లుడు నోరు తెరవబోయాడు. మావగారు అతని కాలు తొక్కారు.

"ఏదీ, ఇటివ్వండి," అంటూ ఓనరు చెయ్యి చాపాడు.

"ఇవ్వను. బిల్లు కట్టాం, పాతది మాది." పంపు సంచిలోకి పోయింది.

"మరి ఇంత గొడవెందుకు సార్?"

"థర్మోస్టాట్ కూడా పోయింది. కొత్తది ఇంటికొచ్చి బిగించాలి. ఈయనే రావాలి."

ఆ సాయంత్రం వంటింట్లో మావగారు పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి మరిగించారు. కొత్తది మెల్లగా తెరుచుకుంది. మేస్త్రీ గిన్నెలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ పాత లారీలే చేశాను సార్. వాటిల్లో ఈ మూత ఎప్పుడో పీకి పారేసి ఉంటారు. ఇందులో ఉంటుందని తట్టనే లేదు."

"ఇకనుంచి ముందు దీన్ని ఉడకబెట్టు, తర్వాతే పంపు జోలికెళ్ళు."

కొత్తది బిగించి మేస్త్రీ వెళ్ళిపోయాడు. చంకలో గుండ్రంగా ఏదో కాగితం పొట్లం ఉంది.

మావగారు పంపుకి చీటీ కట్టి బీరువా తెరిచారు. అల్లుడు మొదటిసారి దగ్గరగా చూశాడు. కొత్త చీటీ మీద, 'బాగానే ఉంది. ఎవరికీ చూపించొద్దు.' వాషరు మీదా అదే. కెపాసిటరు మీదా అదే. కాగితంలో చుట్టిన పన్ను మీద కూడా.

"పన్ను కూడానా మావయ్యా?"

"కొత్త డాక్టరమ్మ. గదిలో పెద్ద డాక్టరు ఉన్నాడు. పక్క పన్ను పీకింది పాపం."

"మరి నొప్పి పన్ను?"

"దానికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి భలే పీకింది."

అల్లుడు ఇంకేదో అడగబోయేలోగా వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. చేతిలో ధర చీటీ కూడా ఊడదీయని కొత్త పాలగిన్నె ఉంది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"పాతదేది?"