కూర్చొని ఇచ్చిన స్టేట్‌మెంట్

మెట్రో రైలు ఎల్‌బీ నగర్ దాకా వచ్చిన మరుసటి ఏడాది, ఆషాఢం మొదలైన వారంలోనే నేను దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతానికి సహాయ కార్మిక అధికారిగా బదిలీ అయ్యాను. దుకాణాల్లో పనివేళలు, వారపు సెలవు, హాజరు పట్టీ సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేయడం ఆ ఉద్యోగం. శాఖలో మా హోదా చిన్నదే. దుకాణం గుమ్మంలో అడుగుపెడితే మాత్రం అందరికీ గుండె దడే. వనస్థలిపురంలో సిటీ బస్సు తోసుకుంటూ ఎక్కి వచ్చిన మనిషినని వాళ్లకేం తెలుసు!

ఆషాఢం అంటే చీరల దుకాణాల్లో తగ్గింపు ధరల జాతర. వారపు సెలవు ఇవ్వడం లేదంటూ ఒక పెద్ద దుకాణం మీద పేరు లేని ఫిర్యాదు వచ్చింది. వెళ్లాను. మేనేజరు ఎదురొచ్చి కుర్చీ వేయించి, ఫ్యాను నా వైపు తిప్పించి, మజ్జిగ తెప్పించాడు. రిజిస్టర్లు చూశాక సిబ్బంది వాంగ్మూలాలు తీసుకోవాలి. మేం స్టేట్‌మెంట్ అనే అంటాం. ఒక్కొక్కరిని విడిగా పిలిచి, చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకోవడం పద్ధతి. అందుకోసం వెనక స్టాకు గదిలో కూర్చున్నాను.

నలుగురు అమ్మాయిలు వరుసగా వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "అంత మంచిగనే ఉంది మేడం" అని చెప్పి సంతకాలు పెట్టి వెళ్లారు. ఐదో మనిషి స్వరూప. ముప్పై దాటి ఉంటాయి. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఎల్‌బీ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, ఈ ఒక్క ఉద్యోగంతో ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. ఆమె లోపలికి రావడం రావడమే చీరల మూట మీద కూర్చుంది.

"నాది కూసొనే చెప్త మేడం. పొద్దుగాల పదింటి సంది నిలవడ్డ" అంటూ చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపింది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి. కస్టమర్లు లేని వేళ కూడా కూర్చోకూడదట. కూర్చుంటే సీసీ కెమెరాలో చూసి పైనుంచి కేకేస్తారట. "కాళ్లు గుంజినప్పుడు బాత్రూంల పోయి గడియ పెట్టుకొని జర సేపు కూసుంటం. గదే మాకు కుర్చీ" అంది.

సరిగ్గా అప్పుడే మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. "స్వరూపా, లే! మేడంగారి ముందు కూర్చుంటావా? మర్యాద తెలీదూ?" అన్నాడు.

"లెవ్వ సార్. నా మాట రాసేదాంక లెవ్వ."

అబ్బ! ఏం ధైర్యం అనుకున్నాను. ఆ వెంటనే చచ్చేంత సిగ్గు వేసింది. ఇరవై ఏళ్లకు పైగా నేను వందల దుకాణాల్లో కుర్చీలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ ఆడవాళ్లను "ఏమైనా ఇబ్బందులున్నాయా" అని అడిగి, లేవంటే లేవని రాసుకున్నాను. కళ్లుండి చూడలేదు. ఎవరిని తిట్టుకోను, నన్ను నేనే తిట్టుకున్నాను.

మేనేజరును బయటికి పంపి కలం తీశాను. తనిఖీ ఫారంలో దీనికి గడి లేదు. చివర 'ఇతర అంశాలు' అని రెండు గీతల జాగా ఉంటుంది, 'ఏమీ లేవు' అని రాసి ముగించడం అందరికీ అలవాటు. అక్కడ రాశాను: 'అమ్మకం సిబ్బంది కూర్చోవడానికి ఏ ఏర్పాటూ లేదు.' స్వరూపకు చదివి వినిపించి సంతకం చేయించాను. గుమ్మం దగ్గర మేనేజరు "ఇది ఏ రూల్లో ఉందండీ?" అని నిలదీశాడు. నా తనిఖీ జాబితాలో లేదని ఒప్పుకున్నాను. కనబడింది కనుక రాశానని చెప్పాను.

ఈ గొడవంతా బయట విన్నారేమో, నాలుగో అమ్మాయి తిరిగొచ్చింది. "మేడం, నాది మల్ల రాయుండ్రి" అంటూ తనూ మూట మీద కూర్చుంది. ఒకసారి సంతకమైన స్టేట్‌మెంట్ చింపకూడదు, అదనపుది రాసి జత చేయాలి. రాశాను. ఆమె వెనకే ఇంకొకరు, ఇంకొకరు. చూస్తుండగానే తొమ్మిది మంది! ఆ ఇరుకు గది పేరంటం ఇల్లులా కళకళలాడిపోయింది. నా చెయ్యి లాగేస్తోంది, అయినా ఆపబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే స్వరూప మా ఆఫీసు మెట్ల మీద కనబడింది. "ఇయ్యాల్టి సంది రావొద్దన్నరు మేడం. పిల్లలకు ఏం చెప్పాలె?" అంది. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని తీసేయాలంటే సరైన కారణం చూపాలి, నెల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ కారణం అడుగుతూ గంటలో లేఖ టైపు చేయించి, తపాలాకు వేయకుండా దుకాణానికి నేనే పట్టుకెళ్లాను.

యజమాని పెద్దాయన, దిల్‌సుఖ్‌నగర్ వాడే. లేఖ చదివి, తన లెటర్‌హెడ్ ముందుకు లాక్కుని జవాబు మొదలుపెట్టాడు. 'కారణం: పని సమయంలో కూర్చొని' దాకా రాసి కలం ఆపేశాడు. ఆ మాటను తన పేరున్న కాగితం మీద మళ్లీ చదువుకున్నాడు.

"మా నాయన దుకాణంల అందరు పరుపుల మీద కూసొనే అమ్మేది మేడం" అన్నాడు చివరికి. "అప్పుడు అమ్మేటోళ్లంత మొగోళ్లే."

"ఆడవాళ్లు పనిలోకి వచ్చాకే కూర్చోవడం తప్పయిందా?" అని అడిగాను. ఆయన కాగితం చింపేశాడు. మేనేజరును పిలిచి, స్వరూపకు ఫోన్ చేయమన్నాడు, సాయంత్రానికల్లా కౌంటర్‌కు రెండు స్టూళ్లు తెప్పించమన్నాడు.

శ్రావణం రాకముందే ఆ వరుసలో మరో రెండు దుకాణాలు స్టూళ్లు వేశాయి. స్టూలు లేని చోట పనికి చేరేది లేదని అమ్మాయిలు మొహం మీదే చెప్పారట! పక్క ప్రాంతాల అధికారులు ఫోన్ చేసి నా వాక్యం అడిగి రాసుకున్నారు. దసరా ముందు ఎల్‌బీ నగర్‌లో ఒక దుకాణం తనిఖీకి వెళ్తే, కౌంటర్ వెనక ఒకమ్మాయి దర్జాగా కూర్చుని చీర మడతలు విప్పి చూపిస్తోంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. స్వరూప తెలుసా అని అడిగాను. ఎవరో తెలియదంది.

హక్కుల పని చట్టం చదవడంతో మొదలవుతుందని నేను అనుకునేదాన్ని. ముందు ఒకరు కూర్చోవాలి, పక్కవాళ్లు వచ్చి కూర్చోవాలి, ఎవరో ఒకరు దాన్ని కాగితం మీద పెట్టాలి. మూడో పని మాత్రమే నాది. దాన్ని సరిగా చేయడానికి పద్ధతి ఒకటి మార్చుకున్నాను. పదవీ విరమణ రోజు దాకా, ఎదుటి మనిషి కూర్చునే వరకు నేను స్టేట్‌మెంట్ మొదలుపెట్టలేదు.