రెండు వీధులకీ ఒకే పాట

అత్తయ్య పోయిందని పొద్దున్నే ఫోను వచ్చింది. చేసింది ఆవిడ కొడుకే, మా బావ. అయినా నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నువ్వు చూశావా?" అని. బావ, "అచ్చం అమ్మ అడిగినట్టే అడిగావురా," అన్నాడు.

నిద్రలో పోయిందిట. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి చెప్పాడట. ఒక్క డాక్టరు మాట మీదే ఒప్పేసుకున్నారా అని ఆవిడ అడక్కుండా ఊరుకోవడం బహుశా అదే మొదటిసారి.

ఆవిడ మా నాన్నగారి అక్క. కాలవ అవతలి ఊళ్ళో వ్యవసాయం చేసుకునే ఇంటికి కోడలిగా వెళ్ళింది. చదువు పెద్దగా లేదు. అనుమానం మాత్రం కొరత లేకుండా ఉండేది. వంకాయల బుట్టలో పైనున్నవి తీసుకునేది కాదు, అడుగువి తియ్యమనేది. అమ్మేవాడు అడుగువి తీసిస్తే, "వీటిని ముందే ఎందుకు దాచావు?" అని మళ్ళీ పైవే తీసుకునేది. అన్నవరం నుంచి ఎవరు ప్రసాదం తెచ్చినా ఆకు పొట్లం విప్పకుండానే వాసన చూసి, "కొండమీద కొన్నారా, దిగాక బస్టాండులో కొన్నారా?" అనేది. కళ్ళకద్దుకోవడం ఆ తర్వాత. బస్సులో కండక్టరు ఊరి పేరు అరిచినా సరే, పక్క సీటు మనిషిని ఇంకోసారి అడిగి గానీ దిగేది కాదు. ఈలోగా బస్సు కదిలిపోయి, ముందు ఊళ్ళో దిగి నడుచుకుంటూ వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. ఏంటత్తయ్యా ఇది అంటే, "చెప్పేవాడికి తొందరుంటే నాకుండాలేంట్రా," అనేది.

ఇంత అనుమానం మనిషి ఒక్క పాట దగ్గర మాత్రం ఇంకో మనిషిని నమ్మింది. ఆ ఇంకో మనిషి ఆవిడ తోడికోడలు. మేము చిన్నత్త అనేవాళ్ళం.

ఊళ్ళో ఏ పెళ్ళయినా, సీమంతమయినా, మంగళహారతి పాడేది వీళ్ళిద్దరే. తెల్లవారుజామున రామాలయంలో మేలుకొలుపు పాటలూ వాళ్ళవే. పాడే పద్ధతి ఒకటుండేది వాళ్ళకి. అత్తయ్య చరణం ఎత్తుకుని చివరిదాకా పాడేది కాదు. మధ్యలో, ఊపిరింకా ఉండగానే వదిలేసేది. వదిలిన చోట చిన్నత్త అందుకునేది. చిన్నత్త మళ్ళీ అలాగే వదిలేది. ఎప్పుడూ చెయ్యి జారలేదు. నేను చిన్నప్పుడు వింటూ, ఈసారి చిన్నత్త మర్చిపోతుందేమోనని చూసేవాణ్ణి. అత్తయ్య చూసేది కాదు. ఆ ఒక్క క్షణం ఆవిడ కళ్ళు మూసుకునే ఉండేది.

పాట అయిపోతే మళ్ళీ మామూలే. అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నప్పుడు చిన్నత్తా వాళ్ళు పడమటి వీధిలో ఇల్లు కట్టుకున్నారు. సామాను సర్దుళ్ళలో ఒక ఇత్తడి గుండిగ కనబడకుండా పోయింది. అది చిన్నత్త దగ్గరుందని అత్తయ్య అనుమానం. అత్తయ్యే అటక మీద దాచిందని చిన్నత్త అనుమానం. ఒకరింట్లో శుభకార్యమైతే రెండోవాళ్ళు ముందు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ ఒకసారి చూసి, ఆ తర్వాతే వచ్చి పాటకి కూర్చునేవారు.

గోదావరి పుష్కరాలయిన తర్వాతి చలికాలం సంగతి ఇది. నేను అప్పటికి రాజమండ్రిలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే షాపులో పనిచేస్తున్నాను. ధనుర్మాసం వస్తోంది. ఇద్దరికీ వయసు మీద పడుతోంది, చలిలో రోజూ వచ్చి పాడలేకపోతున్నారని, వాళ్ళ పాటల్ని సీడీ చేయించి రోజూ వేద్దామని రామాలయం పెద్దలు అనుకున్నారు. ఇద్దరూ బస్సెక్కి మా షాపుకి వచ్చారు.

ఒక్కొక్కరికీ ఒక్కో మైకు పెట్టి, దూరందూరంగా కూర్చోబెట్టాం. మూడు పాటలు పాడారు. మా ఓనరు గారికి ఉత్సాహం ఎక్కువ. "స్టీరియోలో చేద్దామండీ. పెద్దావిడ ఎడమవైపు, చిన్నావిడ కుడివైపు. ఎదురెదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది," అన్నారు. అలాగే చేశాం. హెడ్‌ఫోను పెట్టి వినిపిస్తే చిన్నత్త మురిసిపోయింది. అత్తయ్య మాత్రం మొహం చిట్లించింది.

"నన్నెందుకురా ఈ చెవిలోకి తోశారు?"

"తొయ్యలేదత్తయ్యా. నువ్వు ఎడమ పక్క కూర్చున్నట్టు."

"నేనెప్పుడూ కుడిపక్కే కూచుంటాను. ఎవరు చెప్పారు మార్చమని?"

చిన్నత్త నవ్వింది. "నేనే చెప్పానక్కా. రాత్రికి రాత్రి వచ్చి చెప్పి వెళ్ళాను."

అత్తయ్య నవ్వలేదు. హెడ్‌ఫోను తిప్పి పెట్టుకుని, ఇప్పుడు తను కుడివైపు వినబడుతోందని చూసుకుని, అప్పుడు సరేనంది.

ధనుర్మాసం మొదటి రోజు తెల్లవారుజామున సీడీ వేశారు. అత్తయ్య తూర్పు వీధిలో తన అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. పాట మొదలైంది. కాదు, మొదలవలేదు. ముందు ఖాళీ. తర్వాత ఎక్కడో మధ్యలోంచి చిన్నత్త గొంతు. మళ్ళీ ఖాళీ. మళ్ళీ చిన్నత్త. ఆ ఖాళీల్లో చెవి రిక్కించి వింటే దూరంగా ఎవరో గొణిగినట్టు ఉంది, అంతే. మూడు పాటలూ అలాగే అయిపోయాయి.

ఆ రోజే నాకు ఫోను చేసింది.

"ఒరేయ్, నువ్వు ఎవరి మనిషివి?"

నాకు అర్థం కాలేదు.

"చిన్నత్త పూతరేకులేమైనా పంపిందా నీకు?"

"లేదత్తయ్యా, ఏంటి?"

"నా గొంతు తీసేశారు. ఊరందరి ముందూ దాన్నొక్కదాన్నే పాడించారు."

నా దగ్గరున్న సీడీ వేసి, ఫోను స్పీకరు దగ్గర పెట్టి వినిపించాను. రెండు గొంతులూ ఉన్నాయి. ఆవిడ విని, "నీ దగ్గర ఉంటే ఉండొచ్చు. మా ఊళ్ళో లేదు," అని పెట్టేసింది.

సాయంత్రం చిన్నత్త ఇంటినుంచీ ఫోను వచ్చింది. ఆవిడ అంత గట్టిగా అనలేదు. "మీ అత్తయ్య నీకు రక్తసంబంధం, కాదనను. కానీ నేనూ వచ్చాను కదా నాన్నా రాజమండ్రి," అంది. పడమటి వీధిలో వినబడింది అత్తయ్య ఒక్కర్తేనట.

రెండు వీధులకీ మాట పాకింది. తూర్పు వాళ్ళు పడమటి వాళ్ళు చేయించారన్నారు, పడమటి వాళ్ళు తూర్పు వాళ్ళని అన్నారు. ఎవరూ వెళ్ళి రెండోవాళ్ళ వీధిలో వినలేదు. చిన్నత్త కూతురి సీమంతం ఆ వారంలోనే ఉంది. అత్తయ్య గడప దాటనని చెప్పేసింది. హారతి పాడకపోవడం ఒక్కటే కాదు, ఆ ఇంటికి ఇక రాకపోకలుండవన్నమాట. గుండిగ తగువు ఇన్నేళ్ళు నడిచినా రాకపోకలు ఆగలేదు. ఇప్పుడు ఆగిపోతాయని బావ నాతో దిగులుపడుతూ చెప్పాడు.

తర్వాత జరిగింది అత్తయ్యే నాకు చెప్పింది. చెప్పేటప్పుడు కూడా నేను నమ్ముతున్నానా లేదా అని నా మొహం చూస్తూనే ఉంది.

ఆవిడకి తన అనుమానం మీద కూడా అనుమానం వచ్చిందట. "అంత పని చేయిస్తే అది నా మొహం ఎలా చూస్తుందిరా? ఒకసారి దాని వీధిలో కూడా విందామనిపించింది." మంచులో, ఎవరికీ చెప్పకుండా, పాట వేసే వేళకి బయల్దేరింది. రామాలయం ముందుకి వచ్చేసరికి అటునుంచి చిన్నత్త వస్తోంది.

"ఏమే, ఇంత పొద్దున్నే ఎక్కడికి?"

"నువ్వెక్కడికక్కా?"

"పాలకి."

"పాలవాడు మీ వీధిలోనే ఉన్నాడుగా?"

"మీ వైపు పాలు చిక్కగా ఉంటున్నాయన్నారు. నువ్వో?"

"నేనూ పాలకే."

ఇద్దరి చేతుల్లోనూ గిన్నె లేదు. అది ఇద్దరూ చూశారు.

అప్పుడే పైన మైకు గొట్టాలు మోగాయి. రామాలయం మీద రెండు గొట్టాలుండేవి, ఒకటి తూర్పు వీధి వైపు, ఒకటి పడమటి వీధి వైపు. పడమటి గొట్టంలోంచి అత్తయ్య ఎత్తుకుంది. ఊపిరుండగానే వదిలేసింది. తూర్పు గొట్టంలోంచి చిన్నత్త అందుకుంది. నడిరోడ్డు మీద పాట మొత్తం ఉంది.

మైకు సెట్టు ఆయన్ని పిలిచి అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పాడు. "సీడీ మిషనుకి రెండు వైర్లున్నాయండి. మన దగ్గర యాంప్లిఫయర్లు రెండున్నాయి. చెరో దానికి ఇచ్చాను." అంతకుముందు వేసిన పాటలన్నీ ఒక్క గొంతువి, రెండు వైర్లలోనూ సమానంగా వచ్చేవి. అందుకే ఎవరికీ తేడా తెలియలేదు. వీళ్ళ పాటలో మాత్రం ఒక్కో వైరులో ఒక్కో మనిషి ఉంది.

ఆ మర్నాడు ఇద్దరూ మళ్ళీ మా షాపు మెట్లెక్కారు. కూర్చోకుండానే అత్తయ్య అంది: "రెండు గొంతులూ ఒకే చోట పెట్టు."

నేను పాట తెరిచి, మళ్ళీ సేవ్ చెయ్యబోయాను. సేవ్ చేసేముందు కంప్యూటరు అడుగుతుంది, స్టీరియోనా, మోనోనా అని. అత్తయ్య నా భుజం మీంచి తెరకేసి చూస్తోంది.

"ఏంటడుగుతోంది అది?"

"ఇద్దర్నీ విడివిడిగా ఉంచాలా, కలిపెయ్యాలా అని. మోనో అంటే కలిపెయ్యడం. ఏ వైరు పెట్టినా ఇద్దరూ వస్తారు."

ఓనరు గారు అడ్డం వచ్చారు. "మోనో అయితే పాత రేడియోలా ఉంటుందండీ. స్టీరియో అందమే పోతుంది."

"మేమూ పాతవాళ్ళమే కదండీ," అంది అత్తయ్య. మళ్ళీ నా వైపు తిరిగింది. "కలిపేశాక ఎవరైనా విడదీయగలరా?"

"లేదత్తయ్యా."

"నీ వల్ల?"

"కాదు."

"మీ ఓనరు గారి వల్ల?"

ఆయన కూడా కాదన్నారు. అత్తయ్య చిన్నత్త వంక ఒకసారి చూసింది. "అయితే కలిపెయ్," అంది.

కలిపాను. ఆవిడ హెడ్‌ఫోనులో ఒక్క చెవి పెట్టి వింది. తీసి రెండో చెవి పెట్టి వింది. తిప్పి మళ్ళీ వింది. చిన్నత్త చేత కూడా అలాగే వినిపించింది. అంతటితో వదుల్తుందనుకున్నాను.

"మరి ఆ విడివిడిగా ఉన్నది?"

"కంప్యూటర్లో ఉంది."

"తీసెయ్. మా కళ్ళముందు తీసెయ్."

తీసేశాను. ఆవిడ తెర మీద మూలనున్న బొమ్మ చూపించింది. "ఆ బుట్టేంటి? దాంట్లో వేశావా? రేపు దాంట్లోంచి తియ్యరని ఏంటి?" ఆ బుట్ట కూడా ఖాళీ చేశాను. షాపులో ఉన్న పాత సీడీనీ, ఊళ్ళోంచి వాళ్ళు తెచ్చినదాన్నీ రెండు ముక్కలు చేసి ఇవ్వమంది. ముక్కలు చెంగున కట్టుకుని, అప్పుడు మంచినీళ్ళు అడిగింది.

సీమంతానికి వెళ్ళింది. నేనూ ఉన్నాను. ముందు వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చూసి వచ్చింది. తర్వాత చిన్నత్తకి కుడిపక్కన కూర్చుని హారతి ఎత్తుకుంది. ఆ గుండిగ ఎక్కడుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆ సీడీ ధనుర్మాసంతో ఆగలేదు. అరిగితే నేను మళ్ళీ రాసిచ్చేవాణ్ణి. ఏడాది పొడుగునా రోజూ వేస్తున్నారు. మీరెప్పుడైనా తెల్లవారేముందు మా కాలవగట్టు మీదుగా వెళ్తే వినే ఉంటారు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక బావ నన్ను పక్కకి పిలిచాడు. "అమ్మ గొంతు ఒక్కటీ విడిగా తీసి ఇస్తావా? ఇంట్లో పెట్టుకుంటాను," అన్నాడు. రాదన్నాను. ఎందుకు రాదో చెప్పాను. ఏదో ఒకటి ఉండే ఉంటుంది, వెతకమన్నాడు. లేదని తెలిసీ వెతుకుతానని ఎలా చెప్పను? అత్తయ్య కొడుకు కదా, నా కళ్ళలోకి చాలాసేపు చూశాడు. చివరికి, "సర్లే," అన్నాడు.

చిన్నత్త గోడకి ఆనుకుని కూర్చుని అంతా వింది. "నిజంగా రాదా?" అంది.

"రాదు చిన్నత్తా."

"వాడి ముందు అలా అంటున్నావా, నిజంగానా?"

"ఆ రోజు నువ్వూ చూశావు కదా. బుట్ట కూడా ఖాళీ చేయించింది."

"చేయించింది," అంది చిన్నత్త.

మర్నాడు మొదటి బస్సు అందుకుందామని చీకటితోనే బయల్దేరాను. రామాలయం దగ్గరికి వచ్చేసరికి పాట మొదలైంది. గొట్టాల కింద, నడిరోడ్డు మీద చిన్నత్త నిలబడి ఉంది. అరచేత్తో ఎడమ చెవి మూసుకుంది. కాసేపు విని, అది వదిలి కుడి చెవి మూసుకుంది.

"ఏంటి చిన్నత్తా, ఇంత పొద్దున్నే?"

"పాలకి," అంది, చెవి మీంచి చెయ్యి తియ్యకుండానే. రెండో చేతిలో గిన్నె లేదు.