తలుపు వెనక అరగంట

టీచరమ్మ పోయారు. ఆమెతో పాటే ఆ అరగంట కూడా ముగిసిపోవాలని సంతాపసభలో నేను అన్నానట. మన భిలాయి తెలుగు కుటుంబాల్లో ఈ మాట తిరుగుతోంది. నేను అలా అనలేదు. "ఇంక అది ఆపేద్దాం గదా" అని ఎవరో అడిగినప్పుడు నేను మాట్లాడలేదు, అంతే. ముందురోజే ఆమెను సాగనంపి వచ్చాను. నా మౌనాన్ని సమ్మతిగా జమకట్టుకున్నవారికి ఒక్క విన్నపం: డెబ్బై దాటిన ఈ వయసు వరకూ నా సమ్మతిని నా నోటితోనే చెప్పుకున్నాను. ఇకపైనా అంతే.

నెహ్రూ నగర్‌లో మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆమెది. ఉద్యోగమంతా ఇక్కడి ఒక బడిలో జీవశాస్త్రం చెప్పారు. నేను ఎం.ఏ. చదివి ఉక్కు ప్లాంటు ఆఫీసులో పనిచేశాను. ఒంటరిగా ఉండటం నేను ఎంచుకున్నదే. "ఏటమ్మా ఎమ్మే గారూ, టీ అయిందా?" అని ప్రహరీ మీదుగా ఆమె పిలిస్తేనే నాకు సాయంత్రం అయినట్టు.

విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు ఆడపిల్ల పెద్దమనిషైతే చేసే వేడుకను ఇక్కడికీ తెచ్చుకున్నాం. హాలు, బ్యానరు, ఫొటోలు, మైకులో చదివింపులు. ఒకసారి అలాంటి బ్యానరు చూసి మా వీధిలోని హిందీ ఆయన మురిసిపోతూ అడిగాడు: "దీదీ, బిటియా నే టాప్ కియా క్యా?" పిల్ల పరీక్షలో ఫస్టొచ్చిందనుకున్నాడు.

"టాప్ నహీ భయ్యా, అభీ తో అడ్మిషన్ హుఆ హై" అన్నారు టీచరమ్మ, ఫస్టు కాదు, ఇప్పుడే చేరిందని. ఆయన అభినందనలు చెప్పి వెళ్ళిపోయాడు. మేము హాలు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆ రోజే హాల్లో, పట్టుచీర కట్టించి కుర్చీలో కూర్చోబెట్టిన పిల్ల, అక్షింతలు వేయడానికి వంగిన టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, టీవీ యాడ్‌లో నీలంగా చూపిస్తారు గదా. నాకు ఎర్రగా వచ్చింది. నేను బీమారా?"

ఊరందరినీ పిలిచి పండుగ చేస్తున్నారు. ఆ పిల్ల మాత్రం తనకేదో జబ్బు చేసిందనుకుంటోంది.

టీచరమ్మ మైకు దగ్గరకు వెళ్ళి, తన చదివింపు చీర కాదనీ, అరగంట అనీ ప్రకటించారు. పిల్లను పక్కగదిలోకి తీసుకెళ్ళారు. తల్లి ఉండాలో వద్దో పిల్లనే అడిగారు. నన్ను చూసి, "నువ్వు గుమ్మం కాడ కూర్చో. ఎవర్నీ రానీకు" అన్నారు. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అది మొదలు, ఆమెను పిలిచిన ప్రతి వేడుకలోనూ ఆమె లోపల, నేను బయట.

బయటి పని తేలికేమీ కాదు.

"ఏటి, లోపలేటవతంది? ఫొటోగ్రాఫరు నిలబడున్నాడు."

"కూర్చోమనండి."

"చిన్నపిల్లకి అవన్నీ ఏటికండీ ఇప్పుడు?"

"బ్యానరు కట్టించినప్పుడు చిన్నపిల్లని గుర్తు రాలేదా?"

నాకు పొగరన్నవారున్నారు. కాదనను.

ఆ గదిలో ఆమె తీర్చుకుంటున్నది తన దిగులేనని చాలాకాలం తరువాత నాకు చెప్పారు. "సర్వీసంతా ఆ ఒక్క పాఠం కాడికి రాగానే 'ఇంటికాడ చదువుకోండి' అని పేజీలు తిప్పీసేదాన్ని. ఇంటికాడేమో 'బళ్ళో చెప్తార్లే' అన్నారు. మధ్యలో పిల్లలు ఎవర్నడుగుతారు?"

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు తమ పొరుగున ఉన్న, ప్లాంటు పనికి వచ్చిన ఒక రష్యన్ ఇంజనీరు భార్యను ఆమె తరచూ తలచుకునేవారు. ఆ ఇంటి అమ్మాయి ఇలాంటి ప్రశ్నే తండ్రి ఎదుట అడిగితే, తల్లి సూపు వడ్డిస్తూనే జవాబు చెప్పిందట. "సిగ్గులేని దేశం అనుకున్నాను. ఆవిడ కనిపెట్టీసింది. 'మా అమ్మ నాకేమీ చెప్పలేదు, నేను చాలా భయపడ్డాను, అందుకే చెప్తున్నాను' అంది వచ్చీరాని హిందీలో. అంటే, అక్కడి అమ్మలూ ఇంతే గదే!"

ఆ మాట నాకు ఈమధ్యనే బాగా అర్థమైంది. ఏ దేశపు పిల్ల చేతిలో చూసినా ఇప్పుడు అదే ఫోను. రక్తం ఆగిపోయే పొడి ఒకటుందని ఒక వీడియో, శరీరం ఇలా ఉంటేనే అందమని మరొకటి. చూసినదాన్ని పట్టుకుని అడగడానికి ఇంట్లో ఒక మనిషి ఉన్నారా లేదా, అక్కడే ఉంది తేడా అంతా. లోపల పిల్లలు అడిగేవి మారిపోయాయని టీచరమ్మ అనేవారు. ఏమి అడిగారో మాత్రం నాకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

మగపిల్లల విషయం ఆమెకు తీరని కొరత. "వాళ్ళకి ఫంక్షనూ లేదు, తలుపూ లేదు. ఫోనొక్కటే" అనేవారు. ఒక ఆదివారం వాళ్ళనూ కూర్చోబెడతానన్నారు. తండ్రులు నవ్వేశారు. ఆ ఆదివారం రాలేదు.

నా కొరత వేరు. కిందటి చలికాలం, ఆయాసం మొదలయ్యాక, ఒక హాల్లో గది ముందు ఆగి, "ఈసారి నువ్వూ లోపలికి రావే" అన్నారు. "గుమ్మం దగ్గర ఎవరుంటారు?" అన్నాను. ఆమె తలుపు వేసుకున్నారు. అదే చివరి వేడుక. అన్నేళ్ళు ఆ గదికి కాపలా కాశాను గానీ లోపల ఆమె ఆ మాటలు ఎలా చెప్పేవారో వినలేదు. నన్ను పిలవడంలో ఆమె ఉద్దేశం ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. అడిగి నేర్చుకోవడానికి ఆమె లేరు.

తలుపు మూసుకునే లోపు ప్రతిసారీ నా చెవిన పడిన మాట ఒక్కటే ఉంది. "ముందు నువ్వడుగు తల్లీ. తరవాత నేను చెప్తాను." నా దగ్గర మిగిలింది అంతే. మొదలుపెట్టడానికి చాలుతుందనుకుంటున్నాను.

వచ్చే ఆదివారం మా పక్కనే ఉన్న సుపేలాలో ఒక వేడుక ఉంది. పిల్ల తల్లికి ఫోను చేసి, నా చదివింపు అరగంట అని చెప్పాను. "మీరు చెప్తారా పిన్నిగారూ? టీచరమ్మగారు లేరు గదా..." అందామె. "నేనున్నాను" అన్నాను. ఈ విషయం మన తెలుగు సంఘంలో ఎవరినీ అడగలేదు, అడగబోను కూడా. గుమ్మం దగ్గర ఆ రోజు నాకు కుర్చీ వేయనక్కరలేదు. గడియ నేనే, లోపలి వైపు నుంచి పెట్టుకుంటాను.