హజరత్తయ్య వ్యాన్‌లో ఉత్త మోత

వ్యాన్ తీసే ముందు హజరత్తయ్య ప్రతి ఉదయం ఒక పని చేసేవాడు. లోపల పాట పెట్టి, తలుపులన్నీ బిగించి, దిగి వచ్చి మా ఇంటి గోడకు చెవి ఆనించి నిలబడేవాడు. మోత వినపడితే వెనక్కి పోయి తగ్గించేవాడు. మళ్లీ వచ్చి వినేవాడు. రాత్రంతా దగ్గి దగ్గి మా అత్త ఆ వేళకే కాస్త కునుకు తీస్తుందని అతనికి తెలుసు. కిటికీలోంచి అది చూసినప్పుడల్లా, దీపం పెట్టుకుంటూ పోలేరమ్మ తల్లికి అతని పేరు కూడా చెప్పుకునేదాన్ని.

ఊళ్లో ఇంకెవరూ ఆ పేరు మంచికి తలచేవారు కాదు.

మాది చిట్టమూరు దాటి, పులికాట్ సరస్సు అంచున ఉన్న పాళెం. చేపలు తగ్గాక మగవాళ్లు చాలామంది కృష్ణపట్నం రేవు పనులకు మళ్లారు. వాళ్లను దింపి తీసుకురావడానికి ఊరంతా కలిసి ఒక వ్యాన్ కొని, తాళంచెవులు హజరత్తయ్య చేతికిచ్చింది. దారిలో కోటలో చేపల బుట్టలతో ఆడవాళ్లు దిగుతారు. నేనూ అక్కడే దిగి బట్టల కొట్లో పనికి పోతాను. కసుమూరు దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని వాళ్లమ్మ అతనికి ఆ పేరు పెట్టింది. పడవ లేదు, వల లేదు. ఆ తాళంచెవులు పోతే అతనికి కూడు లేదు.

ఆ పాటలు అతని కూతురు వెన్నెల ఇచ్చింది. గూడూరులో చదువుకునే పిల్ల. పెన్‌డ్రైవ్ నిండా మాటల్లేని మోతలే. వెనకటి ఎలక్ట్రానిక్ కీబోర్డుల గొంతు, సూళ్లూరుపేటలో నాణెం వేసి ఆడే వీడియో ఆటల కొట్లో వినిపించిన గొంతు.

“పాతవి కాదు నాన్నా. ఇప్పటి పిల్లకాయలే పాతకాలం మోత కావాలని చేస్తుండారు” అన్నదట.

నాకు దేవుడి పాటే ప్రాణం. అయినా ముందు సీటు వెనకాల కూర్చుని వినీ వినీ దాని రుచి కొంత తెలిసింది. కింద గుండె కొట్టుకున్నట్టు ఒకటే దెబ్బ. పైన సన్నటి రాగం, తడి గాజు మీద వేలు నడిపినట్టు. రోడ్డు మీది తెల్ల గీతలు ఒక్కొక్కటీ వచ్చి ఆ దెబ్బలో సరిగ్గా పడేవి. రెండు పక్కలా రొయ్యల గుంటల్లో మోటారు చక్రాలు నీళ్లు చిమ్ముతూ ఉండేవి. ఎంత దూరం వచ్చామో తెలిసేది కాదు. హజరత్తయ్య మెడ నిలిపి, రెప్ప వాల్చకుండా తోలేవాడు.

కానీ మా పాళెంలో పాట లేకుండా డప్పు ఒక్కదానికే మోగుతుంది. శవాన్ని మోసుకెళ్లేటప్పుడు. పెళ్లికైనా, అమ్మవారి కొలుపుకైనా మోతతో గొంతు కలపాల్సిందే. గొంతు లేని మోతను ఉత్త మోత అంటారు. అది వినపడితే ఆడవాళ్లు పసిబిడ్డలను లోపలికి తీసుకుపోతారు.

“రేయ్ హజరత్తా, ఎవుర్ని మోసకపోతుండావురా పొద్దున్నే? మమ్మల్నేనా?” అనేది పేరమ్మ, బుట్ట విసిరినట్టు పెట్టి. కోటలో ఆమె నోటికి బేరగాళ్లు కూడా జడుస్తారు.

“శ్రీహరికోట రాకెట్టుకి కూడా ఇంత మోత ఉండదబ్బా. నోరు తెరవని మూగోడికి మాట లేని పాట!” అనేవాడు రేవులో మేస్త్రీ పని చేసే నరేంద్రబాబు. వ్యాన్ అంతా నవ్వేది. ఆ నవ్వులో సరదా ఉండేది కాదు. దిగేటప్పుడు తలుపు విసిరి కొట్టేవాళ్లు. ఒకసారి ఎవరో సీటు మీద చేపల పొలుసులు పోసి పోయారు. అతను గుడ్డతో తుడుచుకున్నాడు, అంతే.

వానాకాలంలో పేరమ్మ కొడుకు పెంచలకృష్ణ పడవ, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర బోల్తా పడింది. పోలేరమ్మ తల్లి దయవల్ల పిల్లవాడు బతికాడు, వల పోయింది. ఆ సాయంత్రమే పేరమ్మ జుట్టు విరబోసుకుని పెద్దకాపు ముత్యాలయ్య ఇంటి ముందు కూర్చుంది.

“దినామూ ఆ శవం మోతలో కూచోని పోతుండాను. నా బిడ్డ మీదకి వచ్చింది. ఈ పొద్దు నా బిడ్డ, రేపు ఎవురి బిడ్డో!”

కాపులు, అంటే మా పాళెం పెద్దలు, హజరత్తయ్యను పిలిపించారు.

“మాటలుండే పాట నాతో మాట్లాడతాది మామా” అన్నాడు అతను ముత్యాలయ్యతో. “నా మనసు దాని వెంట పోతాది. ఇది మాట్లాడదు. రోడ్డు చూసుకోమంటాది. అందుకే పెట్టుకుంటుండా.”

“రోడ్డు చూసుకునేదానికి కళ్లు చాలవా?” అన్నాడు నరేంద్రబాబు.

ముత్యాలయ్య దురాయి వేశాడు. దురాయి అంటే మా పాళెంలో కాపుల కట్టు, దాటినవాడితో ఊరు మాట్లాడదు. ఉత్త మోత మోగితే వ్యాన్ ఎవరూ ఎక్కకూడదు, దేవుడి పాటలే పెట్టాలి, ఇంకొక్క తప్పు జరిగితే తాళంచెవులు ఇచ్చెయ్యాలి. హజరత్తయ్య పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు.

మరునాటి నుంచి వ్యాన్‌లో అమ్మవారి పాటలు. ఆడవాళ్లు గొంతు కలిపారు. నేనూ కలిపాను. కోట ఇంకా రాకముందే మంగళహారతి వచ్చింది. గంట మోగగానే వ్యాన్‌లో అందరమూ కళ్లు మూసి చేతులు జోడించాము. హారతి వేళ మా వాళ్లెవరూ కళ్లు తెరుచుకుని ఉండరు.

హజరత్తయ్యా ఉండలేదు.

వ్యాన్ రొయ్యల గుంట కట్ట మీదికి ఎక్కి, ఒక పక్కకు ఒరిగి ఆగింది. కళ్లు తెరిచేసరికి బుట్టలు మా ఒళ్లో ఉన్నాయి. అతని చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. దెబ్బలెవరికీ తగల్లేదు. గుంట కాపలావాడు పరుగున వచ్చి ముసలివాళ్లను ఒక్కొక్కరినే చెయ్యి పట్టి దించాడు. మా వాళ్లు మాత్రం హజరత్తయ్యను దించింది కాలర్ పట్టుకుని.

“తాగినావురా?”

“చంపేదానికే తెచ్చినావు మమ్మల్ని! దురాయి వేసినామని పగ!”

“మీరు కూడా కళ్లు మూసుకోలేదా?” అన్నాను నేను, ఉండబట్టలేక.

“మేము తోలుతుండామా మేయ్?” అన్నాడు నరేంద్రబాబు నా మీద విరుచుకుపడి.

తాళంచెవులు ఇచ్చెయ్యమని కాపులు కబురు పంపారు. హజరత్తయ్య ముత్యాలయ్య గుమ్మంలో పొద్దంతా నిలబడ్డాడు. చివరికి పెద్దాయన, “ఒక్క రేపు చూస్తా. మళ్లీ కట్ట ఎక్కితే నా గుమ్మం తొక్కబాకు” అన్నాడు.

ఆ రేపటి ఉదయం వ్యాన్‌లో ఏ పాటా లేదు. దేవుడి పాట పెట్టడానికి అతనికి భయం, తన పాట పెట్టడానికి దురాయి అడ్డం. జనం పళ్లు కొరుకుతూ ఎక్కారు. పేరమ్మ అందరికంటే ఆఖరున వచ్చి, అతని ముఖం చూడకుండా వెనక సీటుకు పోబోయింది. అతను దిగి ఆమె బుట్ట అందుకున్నాడు.

“తాకబాకు నా బుట్టని, పాడుమొహమోడా! నీ చేతులు పడిపోను!”

హజరత్తయ్య బుట్ట వదల్లేదు. దాన్ని ముందు సీటు కింద సర్ది, తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

“అక్కా, నీకు దణ్ణం పెడతా. ఈ పొద్దు నా పక్కన కూచో. ఉత్తినే తోలితే నాకు కునుకు వస్తాది. నీ తిట్ల వెంట నా మనసు పోదు. నువ్విప్పుడు తిడుతుండావు చూడు, అట్టనే రేవు దాకా తిట్టుకుంటా రా. కోటలో దిగబాకు. మధ్యలో ఆపబాకు.”