ఎముక మీద కుట్టు

పోయిన ఆదివారం కోవూరు నుంచి కబురొచ్చింది, మా టైలరు మామ పోయాడని. "మంచి చావే, కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు" అన్నాడు కబురు తెచ్చినవాడు. చావు మంచిదే కావచ్చు. ఆ తర్వాత మేం చేసిన పని తలచుకుంటే మాత్రం నాకింకా సిగ్గేస్తోంది.

మామ టేపు తీయకముందే బొటనవేలితో మన భుజం చివరి ఎముక నొక్కి చూసేవాడు. "కుట్టు ఈడ నిలబడాల. కిందికి జారితే అరువు చొక్కా, పైకెక్కితే తమ్ముడి చొక్కా" అనేవాడు. ఎదిగే పిల్లలు, కాస్త వదులుగా కుట్టమని తల్లులు బతిమాలితే, "పొడుగు మడిచి కుడతా, చేతులు మడిచి కుడతా. భుజం వదిలేది లేదు, పోమ్మా" అని కసిరేవాడు. నా పెళ్లినాడు చర్చి నిండా జనం కూర్చుని ఉంటే, భుజం అరంగుళం దిగిందని చొక్కా విప్పించి మళ్లీ కుట్టాడు. ఆ చొక్కాలో నేను మనిషిలా కనిపించానంటే ఆయన చలవే.

కొన్నేళ్లుగా కోవూరులో మా చర్చికి సముద్రం అవతలి సీమ నుంచి పాతబట్టల మూటలు వస్తున్నాయి. దొరల ఒళ్లకు కుట్టిన చొక్కాలు. మనవాళ్లు తొడిగితే భుజం కుట్టు మోచేతి దాకా దిగుతుంది. అయినా పండక్కి అవే గొప్ప! మామకు ఒళ్లు మండేది. "ఛీ ఛీ! చిలక్కొయ్యకు తగిలించినట్టుందిరా, విప్పు!" అని నడిబజారులో విప్పించి, ఊరికే కోసి సరిచేసి ఇచ్చేవాడు.

మొన్న శవప్పెట్టెలో ఆయనకు ఏం తొడిగారనుకున్నారు? అదే. పాస్టరు అయ్యగారు మూటలోంచి ఏరి, గౌరవంగా పంపిన తెల్ల దొరచొక్కా. మామ తనకోసం కుట్టుకున్నది దండెం మీదే ఉంది. నాకు రోత పుట్టింది.

"ఏందిరా ఇది?" అన్నాను ఆయన కొడుకుతో.

"టెరిలిన్ బావా! అయ్యగారు ఇచ్చినారు. తీసేస్తే ఏమనుకుంటారు?"

అయ్యగారు గుమ్మంలోనే ఉన్నారు. నేను నోరు మూసుకున్నాను. థూ, నా బతుకు! మామ కుట్టిన చొక్కా తొడుక్కుని నిలబడి కూడా మూసుకున్నాను. వంగి, జారిన గుడ్డను పైకి లాగి, మిగిలింది వీపు కిందికి దోపాను. కుట్టు ఎముక మీదికి వచ్చింది.

నలుగురూ పెట్టెను వసారాలోకి ఎత్తారు. తలవైపు కాస్త లేచింది. గుడ్డ సర్రున జారి మోచేతి దగ్గర ఆగింది.

"బ్రహ్మాండంగా ఉండాడు. మూత పెట్టండి" అన్నారెవరో.