చింతచెట్టు మీద మొదటి వేటు

నేను కొన్నేళ్లుగా మోస్తున్న బరువు ఒక గొడ్డలిది. దాన్ని పట్టుకున్నది ఒక్కసారి, ఒక్క వేటుకు. ఇంకా దించలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే జాలి చూపిస్తారు. మీరు ఆ పని చేయకండి.

పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి, బెళుగుప్ప దగ్గర రోడ్డు వెడల్పు చేసే ఒక కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరుగా చేరాను. వానలు వరుసగా మొహం చాటేసిన కాలం. పనికి చెట్టు అడ్డం వస్తే ఏం చేయాలో నాకు కంఠతా వచ్చు. అది ఎవరి నేలలో ఉందో చూడాలి. కొట్టకూడని జాతుల్లో ఉందేమో చూడాలి. చెట్లనూ నీళ్లనూ కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి వచ్చేదాకా దాన్ని ముట్టకూడదు. ఎండిన చెట్టయినా సరే, అడిగే కొట్టాలి. చట్టం కొత్తది, నేనూ కొత్తవాణ్ని, తెలియలేదని చెప్పుకోవచ్చు. కానీ తెలుసు.

రోడ్డు మలుపులో ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. కరువుకు ఆకంతా రాల్చి మోడులా నిలబడి ఉంది. ఆఫీసుకు వెళ్లి అడిగి రావడానికి ఒక పూట చాలు. ఎందుకు వెళ్లలేదు? కాంట్రాక్టరు తొందరపెట్టాడనా? పెట్టాడు, అయితే కారణం అది కాదు. ముందురోజు కూలీలందరి ముందు అతను, నీకు అన్నీ అనుమానాలే, నువ్వు పనికిరావు అని నవ్వాడు. పనికొస్తానని చూపించాలనుకున్నాను. ఒక చెట్టునూ ఒక మనిషినీ కూల్చడానికి ఆ నవ్వు సరిపోయింది.

చెట్లు కొట్టే ముత్యాలప్పను నేనే పిలిపించాను. మా నాయన వయసువాడు. సొంత ఎద్దులబండి తోలుకుని వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగి చూసి అడిగాడు.

"కాయితం వచ్చిండాదా సారూ?"

"అన్నీ చూసినా. నువ్వు కొట్టు."

"అట్లయితే మొదటి ఏటు నువ్వే ఎయ్యల్ల."

"నేనెందుకు?"

"కొట్టమన్నోడే ఎయ్యల్ల. ఆ పాపం మాకొద్దు. ఏం సారూ, గొడ్డలి కరస్తాదని భయమా?"

కూలీలు నవ్వారు. మా వైపు చెట్లు కొట్టేవాళ్ల పద్ధతి అది. కొట్టమన్నవాడు మొదటి వేటు వేస్తే పాపం అతనిది, తరువాత కొట్టేవాడిది వట్టి కూలి. గొడ్డలి లాక్కుని బోదె మీద వేశాను. బెరడు లేచింది. దాని కింద పచ్చగా ఉంది. గొడ్డలి అంచుకు తడి అంటింది.

ముత్యాలప్ప వేలితో తాకి చూశాడు. "పానముండాది సారూ."

"యాడుండాది? పైన ఒక్క ఆకు చూపించు."

"ఈ కరువుకు మా ఇంట్లో కుండ గూడ ఎండిండాది. మేం సచ్చినామా?"

"మాటలు చాలు, కొట్టు," అన్నాను.

కొట్టాడు. సాయంత్రానికి చెట్టు రోడ్డుకు అడ్డంగా పడింది.

మరునాడు అటవీ అధికారులు వచ్చారు. ఎవరు కొట్టారు, ఎవరు కొట్టమన్నారు అని అడిగారు. ఎండిన కొమ్మలు మాత్రమే తీయమన్నాననీ, బోదె కొట్టింది అతని సొంత తెలివి అనీ చెప్పాను. ముందుగా అనుకున్న మాట కాదు. అయినా సాఫీగా వచ్చింది. ముత్యాలప్ప నా వైపు వేలు చూపించి, మొదటి వేటు ఈ సారే వేశాడని అరిచాడు. వచ్చినవాళ్లు నా ఇస్త్రీ చొక్కా చూసి నవ్వారు. నేనూ నవ్వాను. కూలీలు నేల చూపులు చూశారు, రేపటి పని నా చేతిలోనే ఉంది కదా.

గొడ్డలి, బండి జప్తు చేసి అతన్ని తీసుకుపోయారు. అతని భార్య నారాయణమ్మ పని దగ్గరికి వచ్చి, దోసిట మన్ను తీసి నా మొహాన పోసింది. కొన్ని రోజులకు అతన్ని వదిలారు గానీ బండి రాలేదు. బండి లేని ఎద్దులను అమ్మేసి ఇద్దరూ బెంగళూరుకు కూలికి పోయారని విన్నాను. వెతకలేదు. ఊళ్లో ఎవరినీ అడగనూ లేదు.

అతని మీద నాకు ఇంకా కోపమే. ఎందుకు అడిగాడు? అడగకుండా కొట్టి ఉంటే నేను తప్పు చేసినవాణ్ని మాత్రమే అయ్యేవాణ్ని. అతను కాగితం గురించి అడిగి, చేతికి గొడ్డలి ఇచ్చి, ఆ పచ్చదనం కళ్లకు చూపించి, నన్ను తెలిసి తెలిసి అబద్ధమాడినవాణ్ని చేశాడు. చూశారా? ఇప్పటికీ అతని మీదికే తోస్తున్నాను.

ఈ రోజుల్లో నాకు జాగ్రత్తపరుడన్న పేరుంది. ముళ్లకంప ముట్టాలన్నా ముందు ఆఫీసుకు వెళతాను. కొత్తగా చేరినవాళ్లు వెక్కిరిస్తారు. పశ్చాత్తాపమని మీరు అనుకోవచ్చు. కాదు, భయం. ఎవరైనా మళ్లీ గొడ్డలి నా చేతికిచ్చి, నువ్వే వెయ్యి అంటారేమోనని.

క్షమించాలని మీకు తోస్తే ఆ తోచింది మీ దగ్గరే ఉంచుకోండి. చెట్టు మీది కాదు, బండి మీది కాదు. ఆ రోజు మలుపులో అధికారులు నన్ను అడిగినదానికి జవాబు మాత్రం వినండి. కొట్టమన్నది నేను. మొదటి వేటు నాది. లోపల పచ్చగా ఉండటం చూశాను, చూసే కొట్టమన్నాను.

చెప్పాను. కుడిచేయి కొంచెం తేలికైంది. ముత్యాలప్పకు దీనివల్ల ఒరిగిందేమీ లేదు.